గీకేసిన నాలుగు

నంద్యాలలో కాలువ ఆఫీసులో నేను ట్రేసరుగా చేరింది డెబ్భైల చివర్లో. ట్రేసరంటే ఇప్పటివాళ్లకు తెలియదు. ఇంజనీరు పెన్సిలుతో గీసిన పటం మీద అడుగు గీత కనిపించే ట్రేసింగు కాగితం పరిచి, నల్ల సిరాతో అదే గీతను మళ్లీ గీయడం మా ఉద్యోగం. ఇంజనీరు వంతెనను వంకరగా గీస్తే మేమూ వంకరగానే గీయాలి. బుద్ధి వాడకూడదు, చెయ్యి వణకకూడదు, అంతే. ఆ ఆఫీసులో బుద్ధి వాడకూడని ఉద్యోగం నాదొక్కటే అని మొదట్లో అనుకునేదాన్ని. ఆరు నెలల్లోనే తెలిసింది, అక్కడ అందరిదీ అదే ఉద్యోగమని.

నాకు మాత్రం ఒక విద్య వచ్చు. గీత తప్పితే సిరాను బ్లేడుతో గీకి తీసేయాలి. సగం బ్లేడును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కాగితం పొర లేవకుండా పైపైన గీకాలి. తర్వాత సీమసుద్ద పొడి చల్లి, గోటితో రుద్ది నున్నగా చేస్తే, దాని మీద మళ్లీ రాసినా సిరా పాకదు. వెలుతురుకు ఎత్తి పట్టినా ఆనవాలు దొరకదు. ముప్పై ఏళ్లు సర్వీసు చేసిన డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన నా చేతిపని చూసి ముక్కున వేలేసుకున్నాడు. మా నాయన మిషన్ బడిలో టీచరు. ఆయనకు ఈ సంగతి గొప్పగా చెబితే, తప్పు కనపడకుండా చేయడం కూడా ఒక విద్యేనా అమ్మా అని అడిగాడు. ఉద్యోగం సంగతి బడిపంతులుకేం తెలుసని నవ్వుకున్నాను.

మా కాలువ మీద వంతెనలు, తూములు, నీటి తలుపులు లెక్కలేనన్ని. వాటన్నిటికీ కలిపి తోలు అట్ట వేసిన లావుపాటి రిజిస్టరు ఒకటి ఉండేది, దొరల కాలంలో మొదలుపెట్టింది. కట్టడానికి ఒక పేజీ. ప్రతి పేజీ చివర ‘ప్రస్తుత స్థితి’ అని ఒక గడి. ఆ గడిలో ఏళ్ల తరబడి ఒకటే మాట: సాధారణం. వాన వస్తుంది, వరద వస్తుంది, రాళ్లు కదులుతాయి, ఈ కాలువ మాత్రం ఏటేటా సాధారణమేనా అని నాకు ఆశ్చర్యం వేసింది. హెడ్ క్లర్కు నాకు గుట్టు విప్పాడు. బాగాలేదు అని రాస్తే పై ఆఫీసు నుంచి మెమో వస్తుంది. ఎప్పటి నుంచి బాగాలేదు, ఇంతవరకు ఎందుకు తెలపలేదు, బాధ్యులెవరు, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి అని. మరమ్మతు మాత్రం రాదు. బాగుంది అని రాయడం కూడా ప్రమాదమే, రేపు కూలితే ఆ మాట మెడకు చుట్టుకుంటుంది. సాధారణం అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. అలా తాతలు, తండ్రులు, కొడుకులు అదే మాట రాసుకుంటూ పింఛన్లు తీసుకున్నారు.

ఎనభైల నడుమ ఒక వేసవిలో హైదరాబాదు నుంచి ఒక కుర్ర ఆఫీసరు దిగాడు. సఫారీ సూటు, చేతిలో బ్రీఫ్‌కేసు. మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఇకమీదట ప్రతి కట్టడమూ కంప్యూటరులోకి ఎక్కుతుందని చెప్పాడు. ఏది ఎక్కువ పాడైందో యంత్రమే చూసి వరుస కడుతుందట. ఆ వరుసలో ముందున్నదానికి ముందు మరమ్మతు. సిఫారసులు లేవు, ఫైళ్లు లేవు. అయితే ఆ యంత్రం సరిగా పనిచేయాలంటే గది చల్లగా ఉండాలట. నంద్యాల మే నెలలో, నలభై మంది నెత్తిన ఒకే ఒక్క ఫ్యాను కిర్రుకిర్రుమంటుంటే చెప్పాడు ఆ మాట. యంత్రం చదివేది ఇలాంటివేనని, చిల్లులు పొడిచిన అట్ట కార్డు ఒకటి చేతులు మార్చి చూపించాడు. హెడ్ క్లర్కు దాన్ని కంటికి ఆనించి చిల్లుల్లోంచి చూసి, చాలా బాగుంది సార్ అన్నాడు. ఆ కార్డు మళ్లీ ఆఫీసరు దాకా వెనక్కి పోలేదు. హెడ్ క్లర్కు రిటైరయ్యేదాకా దాంతో చెవి గోక్కున్నాడు.

అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. నేనూ ఊపాను. కాకపోతే, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, నేను నమ్మాను కూడా. యంత్రానికి మెమోలు రాయడం రాదు కదా, కనీసం దానికైనా నిజం చెప్పొచ్చు అనుకున్నాను.

నా అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయని ఫారాలు నింపే పని నాకు అంటగట్టారు. కట్టడానికో ఫారం. ఫారం నిండా గడులు, గడికో అక్షరం, అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలు. పేరుకు పన్నెండు గడులిచ్చారు. పదమూడో అక్షరం ఉన్న ఊరు అక్కడితో తెగిపోవాల్సిందే. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు, ఉంటే యంత్రం తీసుకోదు. కట్టిన సంవత్సరం తెలియని వంతెనలకు ఏం రాయాలని అడిగితే, ఏదో ఒకటి రాయమన్నారు. పాత రిజిస్టరు మొదలైన ఏడాదే అన్నిటికీ వేశాం. అలా మా కాలువ మీద సగం వంతెనలు కాగితం మీద ఒకే ఏడు పుట్టాయి. ఈ కాకిలెక్కలన్నీ హైదరాబాదులో చల్లటి గదిలో కూర్చోబోతున్నాయని తలుచుకుంటే నవ్వొచ్చేది.

అసలు గడి స్థితి గడి. అందులో మాట రాయకూడదు, అంకె వేయాలి. ఒకటి అంటే కొత్తది, రెండు బాగున్నది, మూడు ఓ మోస్తరు, నాలుగు పాడైనది, ఐదు కూలిపోయినది. మా వాళ్లు ప్రాణంలా చూసుకున్న ‘సాధారణం’ అందులో లేదు. రెండు రోజులు ఆఫీసంతా దిగులుపడింది. మూడో రోజు ఎవరో ఫారం తిరగేసి చూశారు. మూడు గానీ ఆపైన గానీ వేస్తే వెనక పేజీ నింపాలి. ఎక్కడ పాడైంది, ఎంత మేర, ఎప్పటి నుంచి, పటం జతచేయాలి, ముగ్గురు సంతకాలు పెట్టాలి. రెండు వేస్తే వెనక పేజీ అక్కర్లేదు. దాంతో అందరి మొహాలూ విప్పారాయి. సాధారణానికి అంకె దొరికింది.

ఆళ్లగడ్డ వైపు ఫారాల కోసం నన్ను వారం రోజులు అక్కడికి పంపారు. రోజూ పొద్దున బస్సులో పోయి సాయంత్రం వచ్చేదాన్ని. ఆళ్లగడ్డ సెక్షనుకు ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. ఆయన కాలువ గట్టున నడవగా నేనెప్పుడూ చూడలేదు. బుల్లెట్ మీద రోడ్డు వెంట పోతూ, దూరంగా కనిపించే కాలువకు చెయ్యి చూపించడమే ఆయన తనిఖీ. లస్కర్లందరినీ సెక్షను షెడ్డుకు పిలిపించాడు. లస్కరంటే కాలువ కాపలా మనిషి. తూము తలుపులు ఎత్తి దించడం, గట్టుకు గండి పడకుండా చూడటం, నీళ్లలో పాతిన అంకెల స్కేలు చదివి రోజూ మట్టం రాయించడం అతని పని. ఆ స్కేలును గేజీ అంటారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు గానీ గేజీ అంకెలు మాత్రం కళ్లు మూసుకుని చెబుతారు.

వచ్చినవాళ్లందరూ సూపర్‌వైజరు మొహం చూసి, బాగుండాది, బాగుండాది అని చెప్పి బీడీలు కాల్చుకోవడానికి బయటికి పోయారు. ఒక్క ముసలి లస్కరు మాత్రం వేలిముద్ర వేయనన్నాడు. చూడకుండా ఎట్లా రాస్తారని అడిగాడు. సూపర్‌వైజరు విసుక్కుని, పోయి చూసి రామ్మా, వాడి పీడ వదులుతుంది అని నన్ను అతని వెంట పంపాడు. అతనికి రిటైరవ్వడానికి రెండేళ్లు కూడా లేవు. పింఛనుతో చిన్న ఇల్లు కప్పించుకుంటానని దారి పొడుగునా చెప్పాడు. ఆ మాట నేను సగం చెవితోనే విన్నాను, ఎండకు నా తల పగిలిపోతోంది.

వంతెన దగ్గరికి పోయాక నన్ను కాలువలోకి దింపాడు. వేసవి కాబట్టి కాలువ ఎండిపోయి ఉంది. వంతెనకు మూడు రాతి దిమ్మలు. గడ్డపార వెనక మొనతో మొదటి దిమ్మను కొట్టాడు. ఖంగున మోగింది. మూడోదాన్ని కొట్టాడు, అదీ ఖంగుమంది. నడిమి దిమ్మను కొడితే కుండను కొట్టినట్టు బొళ్లుమంది.

“విన్యావామ్మా? దీని కడుపు గుల్లయింది. పైకి రాయి ఉండాది గానీ లోపల గచ్చు నీళ్లకు కొట్టుకపోయింది. మూడేండ్ల నుంచి చెప్తాండా, వినేటోడు ల్యాడు.”

తర్వాత గట్టు మీద తన గుడిసె గోడ చూపించాడు. ప్రతి వేసవీ కాలువ ఆగినాక దిమ్మ అడుగున ఉన్న సందులోకి ఒక కందికట్టె దూర్చి, అది ఎంత లోపలికి పోతే అంత పొడవు గీత బొగ్గుతో గోడ మీద గీసేవాడు. మూడు గీతలున్నాయి. మూడోది మొదటిదానికి రెండింతలుంది. వంతెనకు రెండు వైపులా తుమ్మకంప అడ్డం వేసి ఉంది. మనుషులు, గొర్రెలు, ఖాళీ బండ్లు పోయేంత సందు మాత్రం వదిలాడు. బరువు బండి వస్తే ఎంతటి రైతునైనా తిట్టి, రెండు మైళ్ల అవతలి వంతెనకు తోలేవాడు. రైతులు అతన్ని కంప లస్కరని వెక్కిరించేవాళ్లట. మా డివిజన్ మొత్తంలో నేను చూసిన నిజమైన రికార్డు ఆ మట్టిగోడ ఒక్కటే, మరమ్మతంటూ ఏదైనా జరిగిందంటే ఆ తుమ్మకంప ఒక్కటే. ఆ మాట ఆ రోజే నాకు తోచింది, అందుకే ఇంకా సిగ్గు.

అక్కడే గట్టు మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని ఫారం నింపాను. స్థితి గడి దగ్గరికొచ్చి అంకెల సంగతి అతనికి చెప్పాను. అయితే నాలుగెయ్యమ్మా అన్నాడు. వేశాను. పక్కన గొంతుకూర్చుని వంగి చూశాడు. “మన గేజీ మీద నాలుగు మాదిరే ఉండాది” అని నవ్వి, నేను చూపించిన చోట వేలిముద్ర వేశాడు. సమాచారం ఇచ్చినవారు అని ఆ గడి కింద రాసి ఉంది. ఎవరి సమాచారమూ ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ రాయలేదని నాకు సంతోషం వేసింది. వెనక పేజీ రేపు సూపర్‌వైజరు నింపుతాడులే అనుకున్నాను.

మర్నాడు నంద్యాల ఆఫీసుకు సూపర్‌వైజరు ఫారాల కట్టతో వచ్చాడు. నా బల్ల మీద ఆ ఒక్క ఫారం పరిచి, నాలుగు మీద వేలు పెట్టాడు. వెనక పేజీ ఎవరు నింపుతారని అడిగాడు. దిమ్మ గుల్లగా ఉందని, నా చెవులతో విన్నానని చెప్పాను. మూడేళ్ల నుంచి గుల్లగా ఉంటే మూడేళ్లు నేనేం చేస్తున్నానని నన్ను అడుగుతారమ్మా అన్నాడు. బొగ్గు గీత చూసి ఏ ఇంజనీరు సంతకం పెడతాడని అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, “రెండెయ్ పో. అందరివీ రెండ్లే, ఇదొక్కటి నాలుగుంటే మన సెక్షను మీదే కన్ను పడతాది” అన్నాడు.

నేను ఎదురు చెప్పాను. ఒక్కసారి. తర్వాత సొరుగులోంచి బ్లేడు తీశాను. ఆ సమయంలో నేను లస్కరు గురించి గానీ, వంతెన గురించి గానీ ఆలోచించి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి ఏదో ఒక బాధైనా ఉండేది. నేను ఆలోచించింది కాగితం గురించి. అది మామూలు ఫారం కాగితం, ట్రేసింగు కాగితమంత గట్టిది కాదు, పొర లేస్తే చిరుగుతుంది. పావుగంట పట్టింది. పొడి చల్లి గోటితో రుద్ది, రెండు వేసి, ఎత్తి కిటికీ వెలుతురులో చూసుకున్నాను. నాకే ఎక్కడ గీకానో తెలియలేదు. సూపర్‌వైజరు భలే అన్నాడు. ఆ పొగడ్తకు నా మొహం వెలిగిందని కూడా చెప్పాలి.

ఫారాలు హైదరాబాదు పోయాయి. కార్డుల మీదికి ఎక్కించాక కట్టలు కట్టి మళ్లీ మాకే పంపారు. దసరా తర్వాత జాబితా వచ్చింది. రెండు అంచులా చిల్లులు, ఆకుపచ్చ చారలు, మడత విప్పితే హాలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుచుకునే కాగితం. దాన్ని మా పెద్దింజనీరు కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ. మా డివిజన్‌లో ఒక్క కట్టడమూ పాడు కాలేదని యంత్రం తేల్చింది. నిర్వహణలో మేమే అందరికన్నా మెరుగని మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ఇంకో డివిజన్‌లో ఎవడో అమాయకుడు ఉన్నవి ఉన్నట్టు నాలుగులూ ఐదులూ వేశాడట. మరమ్మతులన్నీ అక్కడికే పోయాయి. వాడు పప్పులో కాలేశాడని మా వాళ్లు ఆ రోజంతా నవ్వుకున్నారు. నిజానికి మరమ్మతులు దక్కింది వాడికి అన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. జాబితా అదనపు ప్రతులను ఇళ్లకు తీసుకుపోయి అలమరాల్లో పరుచుకున్నారు. మా ఇంట్లో ఉప్పు డబ్బా కింద ఎన్నాళ్లో ఉంది అది.

ఆ చలికాలంలో హైదరాబాదు పెద్ద ఆఫీసరు ఒకాయన జాబితాలో ఉన్నవి నేల మీద ఎలా ఉన్నాయో చూడటానికి వస్తున్నాడన్నారు. పెద్దాఫీసరు వస్తున్నాడంటే మా శాఖకు తెలిసిన పని ఒకటే, సున్నం కొట్టడం. వంతెన పిట్టగోడలకు సున్నం, మైలురాళ్లకు సున్నం, చెట్ల మొదళ్లకు సున్నం. రాళ్ల మధ్య పగుళ్లలోకి కూడా చిక్కటి సున్నం దట్టించారు. ప్రతి వంతెన మీద నల్లరంగుతో కంప్యూటరు నంబరు రాశారు. లస్కరు గుడిసె గోడ రోడ్డు మీదికి కనబడుతుందని దానికీ రెండు పూతలు వేశారు. బొగ్గు గీతలు పోయాయి. బాగున్న వంతెన మీద కంపేమిటని సూపర్‌వైజరు దాన్ని పీకించి కాలువలో పారేయించాడు. ఇంత చేస్తే పెద్దాఫీసరు నంద్యాలలోనే భోంచేసి వెనక్కి పోయాడు. ఎండ ఎక్కువగా ఉందట, అదీ చలికాలంలో.

వారం తిరక్కుండా లస్కరు మా ఆఫీసుకొచ్చాడు. తువాలులో మూట కట్టుకొచ్చిన గచ్చు పెళ్లలు నా బల్ల పక్కన విప్పాడు. చేత్తో నలిపితే పిండయ్యాయి. వంతెనకు ఇంకా మరమ్మతు రాలేదని, నాలుగేసినాం గదా అని అడిగాడు. ఆఫీసరుతో కొట్లాడటానికి రాలేదు, నన్ను నమ్మి నా దగ్గరికే వచ్చాడు. కంప్యూటరులో పెట్టాం పెద్దాయనా, వరుసలో ఉంది, వస్తుంది అన్నాను.

“అయితే ఆ మిషను సదువుకొనుంటాదిలే. కంప మల్లా ఎయ్యమంటావామ్మా?”

సూపర్‌వైజరును అడగమన్నాను. అంతకన్నా నీచమైన మాట నేను జీవితంలో అని ఉండను. ఆయనేం చెబుతాడో నాకు తెలుసు, అయినా అడగమన్నాను. అతను చేతులెత్తి దండం పెట్టి, గచ్చు పిండిని జాగ్రత్తగా మళ్లీ తువాలులోకి ఎత్తుకుని, నేల తుడిచి మరీ వెళ్లిపోయాడు. సూపర్‌వైజరు ఏమన్నాడో తర్వాత తెలిసింది. కంప వేస్తే సస్పెండు చేస్తానన్నాడట.

మరుసటి వానాకాలం కాలువ నిండుగా పారుతున్నప్పుడు నాపరాళ్ల ట్రాక్టరు ఒకటి ఆ వంతెన ఎక్కింది. తెల్లటి పిట్టగోడలు, నల్లటి నంబరు, అడ్డం ఏమీ లేదు. నడిమి దిమ్మ కూర్చుంది. ట్రాక్టరు తోలేవాడు బతికాడు గానీ ఒక కాలు ఎందుకూ పనికిరాకుండా పోయింది. అతన్ని నీళ్లలోంచి లాగింది కూడా లస్కరే.

నలభై ఎనిమిది గంటల్లో లస్కరును సస్పెండు చేశారు. వంతెన పాడైన సంగతి పై అధికారులకు తెలియజేయలేదని ఒక ఆరోపణ, ప్రమాదమని తెలిసీ అడ్డం పెట్టలేదని ఇంకో ఆరోపణ. రెండో ఆరోపణ రాసింది కంప పీకించిన సూపర్‌వైజరే. ఆ చార్జిషీటును నాకు చూపించి, చక్కగా రాసి ఇవ్వమన్నారు, నా అక్షరాలు బాగుంటాయి కదా. రాసిచ్చాను. లస్కరు రిటైరవ్వడానికి అప్పటికి ఎనిమిది నెలలుంది. తప్పు రుజువైతే ఉద్యోగంతో పాటు పింఛనూ పోతుంది. తప్పు అతనిది కాదని చెప్పగలిగింది ప్రపంచంలో ఇద్దరే, సూపర్‌వైజరు, నేను.

విచారణకు ముందు సూపర్‌వైజరు నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. బెదిరించలేదు, కాఫీ కూడా తెప్పించాడు. “నేను నోటితో చెప్పినా. చెయ్యి నీది. రికార్డు దిద్దితే ఉద్యోగం ఉంటాదా అమ్మా?” అన్నాడు. ఆ రెండు మాటలకే నేను లొంగిపోయాను. ఆ ఆదివారం చర్చిలో మా నాయన పక్కన నిలబడి పాటలన్నీ గొంతెత్తి పాడాను. నాకు ఎందుకు అంత గొంతు వచ్చిందో ఆయన అడగలేదు.

విచారణ మా హాల్లోనే జరిగింది. మెచ్చుకోలు ఉత్తరం గోడ మీద ఉండగా, దాని కిందే విచారణ ఆఫీసరు బల్ల వేశారు. ఆయన ముందు రెండు కాగితాలు. ఒకటి ఆ ఏడాది కొత్త జాబితా. కూలి నాలుగు నెలలైన వంతెన అందులో ఇంకా రెండుగానే ఉంది, ఐదు వేయాలంటే వెనక పేజీ నింపాలి కాబట్టి. రెండోది నేను నింపిన ఫారం, కింద లస్కరు వేలిముద్రతో. కంప్యూటరు ప్రకారం వంతెన బాగుందని నువ్వే చెప్పావు, వేలిముద్ర కూడా వేశావు, ఏమంటావని ఆఫీసరు అడిగాడు.

లస్కరు నా వైపు చూడలేదు. ఫారం వైపే చూశాడు.

“ఈమె నాలుగేసింది సార్. నా కండ్లతో చూసినా. ముప్పై ఏండ్లు గేజీ చదివినోన్ని, నాకు నాలుగు తెల్దా?”

ఆఫీసరు చెడ్డవాడు కాదు. విసుక్కోలేదు. ఫారం తీసుకుని లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఎండకు ఎత్తి పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. వేలితో ఆ గడిని తడిమాడు. హాల్లో అందరూ మెడలు చాచారు. ఆయనకు ఏదైనా కనిపించాలని ఒక్క క్షణం నేను నిజంగా కోరుకున్నాను. కనిపిస్తే నా ఉద్యోగం పోయేది, నోరు విప్పాల్సిన పని మాత్రం ఉండేది కాదు. అంతటి పిరికిదాన్ని.

ఏమీ లేదే అన్నాడు ఆఫీసరు. తర్వాత నన్ను అడిగాడు, ఈ గడిలో మొదట వేరే అంకె వేశారా అని. లేదు సార్ అన్నాను. ఆయన రాసుకున్నాడు. రెండు నెలలకు ఆర్డరు వచ్చింది. లస్కరుకు ఉద్యోగమూ లేదు, పింఛనూ లేదు. సూపర్‌వైజరుకు ప్రమోషను వచ్చి, డ్యాము కాలనీ సున్నిపెంటలో క్వార్టర్సుతో సహా పోస్టింగు దొరికింది. నేను ఇంకా చాలా ఏళ్లు అక్కడే పనిచేసి, పింఛను తీసుకుంటున్నాను.

ఆ రోజు విచారణ అయ్యాక వరండాలో అతనికి ఎదురుపడ్డాను. తప్పించుకోవడానికి ఇంకో దారి లేదు. తిడతాడనుకున్నాను, మీద ఉమ్మేసినా పడదామనుకున్నాను. అతను ఆగి, నా మొహం వైపు కాక నా కుడిచేతి వైపు చూశాడు. గొంతులో కోపం లేదు. ఏదో తేల్చుకోలేక నన్నే అడుగుతున్నట్టు అన్నాడు:

“నా కండ్లు పోయినాయేమోమ్మా. ఆ సారు ఎండకు పెట్టి చూసినా కనపల్యా. ఆ పొద్దు నువ్వు రెండే ఏసినావేమో, నేనే నాలుగనుకున్యానేమో.”

తువాలు భుజాన వేసుకుని, ఆళ్లగడ్డ బస్సు ఎక్కడ ఆగుతుందో నన్నే అడిగి వెళ్లిపోయాడు.